మా తమ్ముడి కుడి మోకాలు

మా జూనియర్ కాలేజీ స్టాఫ్ రూములో మొన్న మళ్ళీ ఆ చర్చే వచ్చింది. పక్క వీధిలోని డిగ్రీ కాలేజీలో వాలీబాల్ ఆడే కుర్రాడిని ఎవరో పెద్ద జట్టువాళ్ళు తీసుకుంటామన్నారట. చదువు మధ్యలో మానేసి పోవాలట. లెక్కల సారు పొమ్మంటాడు, ఆట వయసు మళ్ళీ రాదంటాడు. ఇంగ్లీషు మేడమ్ వద్దంటుంది, చేతిలో పట్టా లేకపోతే రేపు పలకరించే దిక్కుండదంటుంది. కాసేపు వాదించుకుని ఇద్దరూ నా వైపు తిరిగారు. "మీరేమంటారు మేడమ్? మీ తమ్ముడు కూడా కబడ్డీ ఆడేవాడు కదా" అన్నారు. నాకు క్లాసుందని చెప్పి బయటికి వచ్చేశాను. నిజానికి ఆ పీరియడు నాకు ఖాళీ.

ఆ ప్రశ్న వింటే చాలు, నాకు ఒళ్ళు మండుతుంది. పోవడం, ఉండడం అని లోకంలో రెండే దారులున్నట్టు మాట్లాడతారు. మా తమ్ముడు పోనూ లేదు, ఉండనూ లేదు. అదెలా జరిగిందో టీ తాగుతూ చెప్పే విషయం కాదు.

మా ఊరు పాత గుంటూరు, ప్రకాశం జిల్లాలు కలిసేచోట ఉంటుంది. మిరప, పత్తి తప్ప ఇంకేమీ వేయరు. నాన్న నా పెళ్ళికి ముందే పోయాడు. అప్పటినుంచి ఇంటి పెద్ద మా బాబాయే. ఆయనకు పిల్లల్లేరు, పందెపు ఎడ్లున్నాయి. ఒంగోలు గిత్తల జతను పాకలో కట్టి, మనుషులకు లేని తిండి వాటికి పెట్టి, చుట్టుపక్కల ఏ తిరునాళ్ళలో బండలాగుడు పోటీ ఉన్నా తోలుకుపోయేవాడు. పిన్ని విసుక్కుంటే "నీకంటే అయ్యే నయం, ఎదురు చెప్పవు" అనేవాడు. నాన్న పోయాక మా తమ్ముణ్ణి కూడా అంతే మురిపెంగా పెంచాడు. పొద్దున్నే గిత్తలకు ఉలవలు ఉడకేసేటప్పుడు వాడికి విడిగా ఒక గిన్నె తీసిపెట్టేవాడు.

ఎడ్లవాళ్ళకు ఒక కట్టుబాటుంది. పందెపు గిత్త కాలు మెలిపడితే ఆ సంగతి ఊరు దాటకూడదు. కుంటిదని ఒకసారి పేరు పడితే, తర్వాత అది బాగుపడి బండను ఎంత దూరం లాగినా దాన్ని కొనేవాడు కాలివంకే చూస్తాడు. అందుకని పాకలోనే ఉంచి తడికెలు దించేస్తారు. ఎవరైనా అడిగితే ఈ ఏడు విశ్రాంతి ఇచ్చామంటారు. కట్లు కట్టే ఆయన వచ్చి పసరు పిండి కట్టు కట్టి పోతాడు. ఊళ్ళో అందరికీ తెలిసినా ఒక్కరూ పొరుగూళ్ళో నోరు మెదపరు. మా బాబాయి గిత్త ఒకటి ఇలాగే పడి, లేచి, మరుసటి ఏడు బహుమతి కూడా తెచ్చింది. ఆయన గట్టిగా నమ్మిన వైద్యం ప్రపంచంలో ఉందంటే అదొక్కటే.

తమ్ముడు పట్నంలో డిగ్రీ రెండో ఏడు చదివేవాడు. చదివేవాడు అనడం కూడా మర్యాదకే. వాడి బతుకంతా కాలేజీ గ్రౌండులో ఉండేది. కూతకు వెళ్ళాడంటే పాదం నేలను తాకినట్టే ఉండేది కాదు. ఒకణ్ణి ముట్టుకుని, ఇంకొకడు పట్టుకోబోయేసరికి గిరుక్కున తిరిగి గీత దాటేవాడు. ఆ తిరగడమే వాడి ఆట. యూనివర్సిటీ జట్టుకు ఆడుతున్నప్పుడు ఆ తిరగడం చూసే ఒక పెద్ద జట్టు మేనేజరు మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. ఆయన మన తెలుగాయనే. మజ్జిగ తాగి, వేసవిలో క్యాంపు మొదలవుతుందని, ఏడాదంతా వాళ్ళతోనే ఉండాలని, చదువు కుదరదని ఉన్నదున్నట్టు చెప్పాడు. అమ్మ అడిగింది ఒకటే, అన్నం ఎవరు వండుతారని. వంటవాళ్ళున్నారమ్మా అని నవ్వాడాయన.

కాలేజీ పీడీ గారు మర్నాడే స్కూటరేసుకుని వచ్చారు. తమ్ముడికి ఆట నేర్పింది ఆయనే. "ఇంకొక్క ఏడాది ఆగండి. డిగ్రీ చేతికొచ్చాక వెళ్తే, ఆట పోయినా స్పోర్ట్స్ కోటాలో ఏదో ఒక ఉద్యోగం ఉంటుంది" అన్నారు.

బాబాయి ఆయనకు కుర్చీ వేసి తాను అరుగు మీద కూర్చున్నాడు. "ఏడాది తర్వాత వాళ్ళు మళ్ళా పిలుస్తారని మీరు చెప్పగలరా సార్?" అన్నాడు.

పీడీ గారు స్కూటరు తాళాలు చేతిలోకి తీసుకున్నారు. ఎవరు మాత్రం చెప్పగలరు?

నేను మధ్యేమార్గం చెప్పాను. పొమ్మనండి, కానీ పేరు కొట్టేయించుకోవద్దు, ప్రిన్సిపాలును బతిమాలి సెలవు రాయిద్దాం, పరీక్షలు వచ్చి రాస్తాడు అన్నాను. బాబాయి చెవిన వేసుకోలేదు. "ఒక గిత్తని రెండు బళ్ళకి కడతారా అమ్మాయ్? మనసు అటో సగం ఇటో సగం ఉంటే ఆట ఏం ఆడతాడు?" అని తానే వెంటబెట్టుకుని వెళ్ళి టీసీ తీయించాడు. ప్రిన్సిపాలు సభ పెట్టి తమ్ముడికి శాలువా కప్పాడు. పిల్లలందరూ చప్పట్లు కొట్టారు. తమ్ముడు ఆ శాలువాతోనే మా ఇంటికి వచ్చి, నన్ను ఉడికించడానికి మేడమ్ అని పిలుస్తూ కాళ్ళకు దణ్ణం పెట్టాడు. "డిగ్రీ ముసలాడయ్యాకైనా రాయొచ్చక్కా. కూతకి మాత్రం ఈ కాళ్ళే కావాలి" అన్నాడు. నాకు కోపం వచ్చింది, ముచ్చటా వేసింది.

క్యాంపుకు ఇంకా టైముంది. ఈలోపు శివరాత్రి తిరునాళ్ళ వచ్చింది. ప్రభలు కట్టే ఏర్పాట్లతో పాటు మా ఊళ్ళో కబడ్డీ పోటీ కూడా ఉంటుంది. చుట్టుపక్కల ఊళ్ళ జట్లన్నీ వస్తాయి. ఊరి పెద్దలు నలుగురు బాబాయి దగ్గరికి వచ్చి, "మనోడు పెద్ద టీముకి పోతన్నాడు. పోయేముందు ఊరి తరఫున ఒక్కాట ఆడి పోవాల్సిందే" అన్నారు. బాబాయి ఉబ్బిపోయాడు.

నేను అడ్డుపడ్డాను. తమ్ముడు సంతకం పెట్టేముందు, జట్టువాళ్ళిచ్చిన అగ్రిమెంటు ఇంగ్లీషులో ఉంటే చదివి చెప్పింది నేనే. సంతకం పెట్టాక బయట ఎక్కడా ఆడకూడదని అందులో ఉంది. ఆ మాటే అన్నాను.

"ఏందమ్మా నీ గోల? అది బయటి ఆట ఎట్టా అవుద్ది? మనూరి ఆట, మన దేవుడి ఆట" అన్నాడు బాబాయి.

"ఊరు మీద అంత ప్రేముంటే నువ్వే ఆడు బాబాయ్" అన్నాను. అందరూ నవ్వారు. తమ్ముడూ నవ్వాడు. "ఒక్క ఆటే కదా మేడమ్, ఊరుకో" అన్నాడు. అమ్మ అప్పటికే వాడి ఎర్ర బనీను ఉతికి ఆరేసింది.

మాది నల్లరేగడి నేల. ఆ రోజులకి ఎండి నెర్రెలు విచ్చుతుంది. వాటిమీద ఎర్రమట్టి పరిచి, నీళ్ళు చల్లి, రోలరు తిప్పి కోర్టు చేశారు. పైకి నున్నగానే ఉంది. మొదటి సగంలో తమ్ముడు ఆడిన ఆట చూసి పొరుగూరివాళ్ళు కూడా ఈలలు వేశారు. రెండో సగంలో కూతకు వెళ్ళి, ఇద్దరిని ముట్టుకుని వెనక్కి తిరగబోయాడు. కుడి పాదం మట్టిలో దిగబడి అక్కడే ఉండిపోయింది, ఒళ్ళు మాత్రం తిరిగింది. అదే క్షణాన ముగ్గురు మీద పడ్డారు. ఆ గోలలో నాకేమీ వినిపించలేదు. తర్వాత తమ్ముడు చెప్పాడు, మోకాట్లో పచ్చి కట్టె విరిగినట్టు చప్పుడైందని. వాడు లేచి ఒంటికాలి మీద నిలబడి జనానికి చెయ్యి ఊపాడు. మొహం మాత్రం పాలిపోయింది.

నేను కారు మాట్లాడమన్నాను. గుంటూరు తీసుకుపోయి స్కానింగ్ తీయిద్దాం అన్నాను. బాబాయి అప్పటికే వాణ్ణి భుజాన వేసుకుని ఇంటికి నడుస్తున్నాడు. వాకిట్లోకి వస్తూనే తలుపులు మూయించాడు.

"ఎవురికీ చెప్పమాకండి" అన్నాడు. "గుంటూరు ఆసుపత్రిలో మన చుట్టుపక్కలోళ్ళు ఎంతమంది ఉంటారో తెలుసా? పొద్దుగూకేలోపు కబడ్డీ ఆడేవోళ్ళందరికీ తెలిసిపోద్ది. మోకాలు పోయినోడని పేరు పడితే ఆ టీమే కాదు, ఇంకే టీమూ పిలవదు."

"వాడు గిత్త కాదు బాబాయ్, మనిషి" అని అరిచాను.

"మనిషైతే మాత్రం? తీసుకునేవోడు కాళ్ళు చూడకుండా తీసుకుంటాడా?" అన్నాడు.

ఆ మాటలో నాకు అబద్ధం కనబడలేదు. పైగా ఆడొద్దన్న అగ్రిమెంటు మీరి ఆడాడు. ఆ భయం నాకూ ఉంది. తమ్ముడి వంక చూశాను. వాడు మంచం పట్టె పట్టుకుని "బాబాయి చెప్పినట్టే చేద్దామక్కా" అన్నాడు. కట్లు కట్టే ఆయన వచ్చాడు. నల్లేరు నూరి, కోడిగుడ్డు సొనలో కలిపి పట్టించి, వెదురు బద్దలు పెట్టి తొడనుంచి పిక్కదాకా బిగించాడు. విరిగిన ఎముకకు ఆ కట్టు పనిచేస్తుందేమో, నేను కాదనను. తమ్ముడికి ఎముక విరగలేదు.

క్యాంపు దగ్గర పడేసరికి కట్టు ఇంకా విప్పలేదు. అక్కడికి వెళ్తే మొదటి రోజే డాక్టరు చూస్తాడు. అప్పుడు బాబాయి ఆలోచించి ఒక ఉపాయం చెప్పాడు. గిత్తకు విశ్రాంతి ఇచ్చామని చెప్పడం ఎలాగో, ఇదీ అలాగే. తమ్ముడు మేనేజరుకు ఫోన్ చేసి, ఇంట్లోవాళ్ళు డిగ్రీ పూర్తి చేయమంటున్నారండీ, ఈ ఏడాదికి రాలేనండీ అన్నాడు. ఆయన "సరే నాన్నా, చదువుకుంటానంటే కాదనకూడదు. అగ్రిమెంటు సంగతి నేను చూసుకుంటాలే" అన్నాడట. బాబాయి మీసం దువ్వుకుని, "చూశావా, మంచి పేరుతో బయటపడ్డాం" అన్నాడు.

అవతల కాలేజీలో పీడీ గారు వాడు క్యాంపులో ఉన్నాడనుకుంటున్నారు. "ఎట్టా ఉందిరా ప్రాక్టీసు?" అని ఆయన ఫోన్ చేస్తే, తమ్ముడు ఊళ్ళో మా ఇంటి నడవలో మంచం మీద పడుకుని "బాగుంది సార్" అనేవాడు. ఆ తర్వాత గోడవైపు తిరిగి పడుకునేవాడు. జట్టువాళ్ళ లెక్కలో వాడు కాలేజీలో ఉన్నాడు, కాలేజీ లెక్కలో జట్టులో ఉన్నాడు. మా ఊళ్ళో అందరికీ నిజం తెలుసు. చంటిపిల్లల తల్లుల నుంచి టీకొట్టు ఆయనదాకా ఒక్కరంటే ఒక్కరు బయట చెప్పలేదు. అది ప్రేమే, నేను కాదనడం లేదు. వాడు బజారులో కుంటుకుంటూ పోతుంటే తలలు పక్కకు తిప్పుకునేవాళ్ళు, చూడనట్టు.

కట్టు విప్పాక తొడ కండ కరిగిపోయి కాలు చిక్కింది. తిన్నగా నడిచినంతసేపూ కుంటుతూనైనా పోగలిగేవాడు. ఎవరైనా పిలిస్తే వెనక్కి తిరగ్గానే మోకాలు జారి కింద కూలబడేవాడు. బాబాయి రోజూ పొద్దున్నే నువ్వులనూనె వెచ్చచేసి ఆ మోకాలు మర్దనా చేసేవాడు. "అయిద్దిరా, గిత్తకి కాలేదా?" అనేవాడు. చేస్తూ చేస్తూ ఆయన కళ్ళు తుడుచుకోవడం నేను రెండుమూడుసార్లు చూశాను.

చివరికి నేనే, బాబాయికి చెప్పకుండా, పుస్తకాలు కొనే పని ఉందని వాణ్ణి గుంటూరు తీసుకెళ్ళాను. స్కానింగ్ చూసి డాక్టరు మోకాట్లో పట్టి ఉంచే నరంలాంటిది పూర్తిగా తెగిపోయిందన్నాడు. అలాగే తిరగడం వల్ల లోపలి మెత్త కూడా అరిగిందన్నాడు. ఆపరేషన్ చేస్తే నడక కుదురుతుంది, ఆట ఆశ పెట్టుకోవద్దన్నాడు. "తగిలిన కొత్తలోనే వచ్చుంటేనండీ?" అని అడిగాను. ఆయన వాడి మొహం చూసి గొంతు తగ్గించి, "అప్పుడైతే ఆ మాట వేరమ్మా. చాలామంది మళ్ళీ ఆడతారు" అన్నాడు. తిరుగు బస్సు చిలకలూరిపేట దాటాక తమ్ముడు "బాబాయికి చెప్పమాకు అక్కా, తట్టుకోలేడు" అన్నాడు. ఇంటికి వెళ్ళాక, ఆపరేషన్ ఊసెత్తితే కోపం తెచ్చుకునేవాడు. ఆటే లేనప్పుడు ఎంత నడిస్తే ఏంటనేవాడు.

పోనీ కాలేజీలో మళ్ళీ చేరమన్నాను. రెండో ఏడులోనే, చిన్నవాళ్ళతో కలిసి కూర్చోవాలి, అయినా పర్వాలేదన్నాను. "గ్రౌండు దాటుకునే కదక్కా క్లాసుకి పోవాలి. పీడీ సారు ముందు నా నడకే చూస్తారు" అన్నాడు. శాలువా కప్పించుకున్న మనిషికి ఆ గేటులోంచి కుంటుతూ వెళ్ళే మొహం లేదు. బాబాయి కూడా అప్పుడే వద్దన్నాడు. కాలేజీలో తెలిస్తే జట్టుకు తెలుస్తుందట. చదువుకుంటున్నాడని చెప్పిన అబద్ధం బయటపడకుండా ఉండడానికి మా వాడు చదువు మానేశాడు. దీనికి ఏ పేరు పెట్టాలో నాకు ఈ రోజుకీ తెలియదు.

మరుసటి మిరప కోతలప్పుడు నేను సెలవు పెట్టి ఊళ్ళో ఉన్నాను. కల్లంలో కాయ ఆరబోసి ఉంది. అమ్మ ఓ పక్క రంగుపోయిన తాలుకాయలు ఏరుతోంది. బాబాయి టార్పాలిను పట్టాలు మడుస్తున్నాడు. తమ్ముడు చేతికర్ర పక్కన పెట్టుకుని, కూర్చునే కాయను ఎగదోస్తున్నాడు. మధ్యాహ్నం అన్నాల వేళ వాడి ఫోను మోగింది. మేనేజరు. చేతులనిండా మిరప ఘాటు, ఫోను మొహం దగ్గర పెట్టుకోవడానికి లేదు. కింద పెట్టి మోచేత్తో స్పీకరు నొక్కాడు. అందుకే అందరం విన్నాం.

"ఏం నాన్నా, ఎలా ఉన్నావు? మా జట్టులో ఒక చోటు ఖాళీ అయింది, ఈ సీజనుకి రాగలవేమోనని చేశాను" అన్నాడాయన. బాబాయి పట్టా వదిలేసి దగ్గరికొచ్చాడు. "ఒక కుర్రాడు వాళ్ళూరి జాతరలో ఆడి మోకాలు తెంపుకున్నాడు. వద్దని రాయించుకున్నా వింటారా మీరు? ఊరు పిలిస్తే ఆగరు. నాలుగు తిట్టి, మర్నాడే మా డాక్టరు దగ్గర ఆపరేషన్ చేయించాం. వచ్చే సీజనుకి వాడు లేచి పరిగెడతాడు. ఈలోపు నీలాంటివాడు కావాలి."

తమ్ముడు ఫోను వంకే చూస్తున్నాడు. బాబాయి ఎండలో నిలబడి ఉన్నాడు, నోరు కొంచెం తెరుచుకుని ఉంది.

"రాలేనండీ. చదువు మధ్యలో ఉంది" అన్నాడు తమ్ముడు.

"అవునవును, మర్చిపోయాను. ఇప్పుడు ఏ ఇయరు?"

తమ్ముడు తలెత్తి నా వంక చూశాడు. నేను మూడు వేళ్ళు చూపించాను.

"ఫైనలియరండీ."

"భేష్. మంచి పని చేశావు. ఆఫరొచ్చినా వదులుకుని చదువుకుంటున్నాడని మా పిల్లలందరికీ నీ గురించే చెప్తుంటాను. బాగా రాయి నాన్నా" అని ఆయన పెట్టేశాడు.

బాబాయి మడిచిన పట్టా మీద కూలబడి రెండు చేతులతో తల పట్టుకున్నాడు. అమ్మకు సగమే అర్థమైంది. "ఆ పిల్లాడికి ఆపరేషన్ ఎవరు చేయించారంటరా?" అని అడిగింది.

"వాళ్ళేనమ్మా. జట్టువాళ్ళే" అన్నాడు తమ్ముడు.

అమ్మ చేతిలో కాయలు కింద పడేసి వాడి దగ్గరికి జరిగింది. "అయితే నువ్వూ చెప్పరా నాయనా. ఇప్పుడే మళ్ళీ ఫోన్ చేసి మోకాలు పోయిందని చెప్పు. నీకూ చేయిస్తారేమో" అంది.

"ఫైనలియర్ చదువుతున్నానని చెప్పాను కదమ్మా" అన్నాడు వాడు. చేతికర్ర ఆనించుకుని లేచి, అవతలి వరస కాయ తిరగబోయడానికి వెళ్ళాడు.